వేరే పిల్ల ఫోటో

దుర్గాపూర్ గని గేటు దగ్గర ఆన్‌లైన్ ఫారాలు నింపే సుకుమార్‌కు మనుషులంటే చిరాకు, మ్యాక్ కంప్యూటర్ అంటే పగ. విండోస్ కంప్యూటర్ చెడిపోతే బావమరిది దీన్ని అంటగట్టాడు. విండోస్‌లో రెండు మీటలు నొక్కితే చాలు, ఏ విండో కావాలంటే అది ముందుకొచ్చేది. మ్యాక్‌లో అట్లా నొక్కితే ప్రోగ్రాములు మారతాయి గాని, ఒకే బ్రౌజర్‌లో తెరిచిన రెండో విండో వెనకే ఉండిపోతుంది. "దొంగది" అని మౌసును బల్లకేసి కొడతాడు.

నర్సింగ్ ప్రవేశానికి ఆఖరి రోజున, చదువు రాని రాహేలమ్మ బిడ్డ కాయితాలతో వచ్చింది. అప్పటికే తెర మీద ఇంకో పిల్ల ఫారం, ఫోటో ఎక్కించి, తెరిచి ఉంది.

"ఇంకెంతసేపు అన్నా?"

"నోరు మూసుకొని కూసో."

వివరాలన్నీ టకటకా కొట్టి, సబ్మిట్ నొక్కబోయాడు.

"ఆగన్నా! గా ఫోటోల పిల్ల మా జెస్లిన్ గాదు."

సుకుమార్ చెవులు ఎర్రబడ్డాయి. మీటలు నొక్కితే జెస్లిన్ కోసం తెరిచిన రెండో విండో ముందుకొచ్చిందనుకొని, వేరే పిల్ల ఫారంలోనే అంతా కొట్టాడు. తప్పయిందని అనలేదు. అంతా చెరిపి, జెస్లిన్ ఫారం మళ్లీ నింపి, తెరను ఆమె వైపు విసురుగా తిప్పాడు.

"జూస్కో. ఇగ నొక్కాల్నా?"

రాహేలమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నాకు సదువు రాదు గదా. మొదటికెల్లి సదువు, నేనింట."

సుకుమార్ పళ్లు కొరుకుతూ, పేరు దగ్గరి నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.