ఏడో మూర దగ్గర

మా బాపు రాయికింద పడ్డాడన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటి బట్టలుతికే అవ్వ. తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పానగల్ దాపున మా మోటబావి గట్టు మీది రాతి కంబం ఒరిగి ఆయన కాలు మీద పడిందట. ఊళ్లో మగవాళ్లంతా దొర గడీకి వెట్టికి పోయారు. బావి దగ్గర మిగిలింది ఇద్దరు జీతగాళ్లే.

అవ్వతో నేను వెళ్లేసరికి వాళ్లు ఒక దూలాన్ని కంబం కిందికి దూర్చి ఒక రాతి గుండు మీద ఆనించారు. గుండును దగ్గరకు జరిపితే బురదలో దిగిపోతోంది. కంబానికి రెండు మూరల ఇవతల గానీ గట్టి నేల లేదు. గుండుకు ఇటువైపు ఏడు మూరల దూలం మిగిలింది. కొస సన్నం, మగవాళ్లు ఐదో మూర దాటితే కిర్రుమంటోంది.

నన్ను బడికి పంపలేదు. బాపే ముగ్గుపిండితో నేల మీద గీతలు గీసి చెప్పేవాడు: ఆనిక నుంచి ఎంత దూరమో బరువును అంతతో గుణించాలి, ఏ వైపు ఎక్కువైతే దూలం ఆ వైపే దిగుతుంది. కంబం కొస ఆరుగురి బరువుంటుందని మూలుగుతూ ఆయనే చెప్పాడు. ఆరు రెళ్లు పన్నెండు. ఐదో మూర మీద ఒకరు, నాలుగో మూర మీద ఒకరు కూర్చుంటే తొమ్మిది.

"ఎంత తక్కువున్నది బిడ్డా?" అన్నాడు కళ్లు మూసుకునే.

"మూడు, బాపూ."

నేను ఎక్కితే ఆయనను లాగేవాళ్లుండరు. అవ్వ ఎండిన మనిషి. సగం మనిషి బరువే అయినా, ఏడో మూర దగ్గర మూడున్నర అవుతుంది. ఆ మాటే చెప్పాను.

"ఊరి బట్టలన్ని ఉతికేదాన్ని, నన్ను సగం మనిషి కింద లెక్కగట్టినవా?" అని నవ్వి కొంగు దోపుకుంది. జీతగాళ్లు ఆమెను ఎత్తి కొస మీద కూర్చోబెట్టి, తామూ ఎక్కారు.

కంబం లేచింది. బాపును చంకల కింద పట్టి లాగాను. ఆయన బయటపడగానే జీతగాళ్లిద్దరూ ఆయన కోసమే దిగి ఉరికొచ్చారు. తొమ్మిది పోయి మూడున్నర మిగిలింది. కంబం నేలకు కొట్టుకుంది, కొస పైకి ఎగిరింది. అవ్వ ఎగిరిపడి, తల గట్టు మీది బట్టలుతికే బండకు తగిలింది. మళ్లీ మాట్లాడలేదు.

బాపు కాలు దవాఖానలో తీసేశారు, ప్రాణం దక్కింది. చాలా రోజులు నా ముఖం చూసి, ఒకనాడు అన్నాడు: "నీ లెక్క తప్పు కాదు బిడ్డా. ఎవరు ముందు దిగాల్నో నేనే నీకు చెప్పలె."

బాపు తర్వాత పదేళ్లు మా మధ్య ఉన్నాడు. ఆ పదేళ్లు దేవుడిచ్చినవే, అవ్వ చేతుల మీదుగా ఇచ్చాడు. ఆమెకు పిల్లలు లేరు, తలిచి నీళ్లు వదిలేవాళ్లు లేరు. ఇది చదివినవాళ్లు ఆమెను ఒక్కసారి తలచుకోండి, నిండు మనిషిగా.