రాళ్ళ వరస

నా చిన్నప్పుడు, ఒక మంగళవారం సాయంత్రం సరిగ్గా ఐదు గంటలకు నేనొక మంచి పని చేసి, నిమిషంలోనే దాన్ని చెరిపేశాను. గంట ఎలా తెలుసంటే, అప్పుడే మిల్లు కూత వేసింది.

బెంగళూరులో మా వఠారంలో ఐదు గదులకు ఒకటే కొళాయి. రెండు రోజులకొకసారి, సాయంత్రం పూట నీళ్ళు. అందరూ పనికి పోయేవాళ్ళే గనుక పొద్దున్నే ఎవరి రాయి వాళ్ళు వరసలో పెట్టి పోయేవారు. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే. ఒక్కో రాయికి రెండు బిందెలు.

ఆ రోజు మా రాయి మూడోది, పక్కింటి అక్కది చివరిది. ఆమె చంటిబిడ్డకు పొద్దుటినుంచి విరేచనాలు. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. బిడ్డ ఏడుపు వినగానే రెండు రాళ్ళూ మార్చేసి, "అక్కా, ముందు నువ్వు పట్టుకో" అన్నాను. ఆమె బిందె కోసం లోపలికి పరుగెత్తింది.

ఆ కాసేపే నన్ను చెడగొట్టింది. సంగటికి నీళ్ళెట్లా? సిమెంటు దుమ్ముతో వచ్చే నాయనకు స్నానమెట్లా? అమ్మ ఊరుకుంటుందా? నాకప్పుడు ఒక్క అక్షరం రాదు గాని, ఇట్లాంటి లెక్కలు బాగా వచ్చు. రాళ్ళు మళ్ళీ మార్చేశాను.

అక్క వచ్చి, తన రాయి చూసుకుని, చివరికి పోయి నిలబడింది. తిట్టినా బాగుండేది. నా రెండు బిందెలూ నిండాయి. నా వెనక మూలగది అవ్వకు సగం బిందె వచ్చేసరికి నీళ్ళు ఆగిపోయాయి. అక్క ఖాళీ బిందెతో వెళ్ళిపోయింది.

అవ్వ తన సగం బిందె చంకనెత్తుకుని అక్క గదివైపు బయల్దేరుతూ నా దగ్గర ఆగింది. "ఏమే, రాయికి కాళ్ళొచ్చినాయా?" అంది, నాకొక్కదానికే వినబడేలా.

"మా అమ్మ కొడ్తాదవ్వా. ఆలోచించి..."

"ఆలోచించొద్దని ఎవురన్న్యారు? బిందె ఎత్తుకో. నడస్తా ఆలోచించు."

అక్క గది ఇరవై అడుగుల దూరం. నా ఆలోచన తేలకముందే నీళ్ళు ఆమె కుండలో పడ్డాయి. ఆ రాత్రి అమ్మ వీపు మీద రెండేసింది. బిడ్డ మాత్రం తెల్లారేసరికి తేరుకుంది.

ఆలోచన చెడ్డదని నేననను. మా పిల్ల పెళ్ళికి ఏడాది ఆలోచించాను. ఎవరికైనా ఏదైనా పెట్టాల్సి వస్తే మాత్రం ఈ వయసులోనూ ముందు లేచి నాలుగడుగులు వేస్తాను. అట్లా ఒకటి రెండుసార్లు మోసపోయాను కూడా. పోనీ.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర ఉన్నది మేస్త్రీ భార్య, ఇస్త్రీ చేసే చిన్నమ్మ, మూలగది అవ్వ, పక్కింటి అక్క, నేను. లోపల ఏడుస్తున్న బిడ్డను కూడా చేర్చాలి. నా చెయ్యి మొదట కదిలింది ఆ బిడ్డ వల్లే.