సుడిగాలి రోజు నవ్విన ముఖాలు

ఊళ్ళో ఎవరింట్లో ఆల్బం తెరిచినా సగం ఫోటోలు ఆయన తీసినవే. కెమెరా వెనక తల దూర్చి "కాస్త నవ్వండి" అనడం ఆయనకి యాభై ఏళ్ళ అలవాటు. దాంతో అసలు పేరు అందరూ మరిచిపోయి, 'కాస్త నవ్వండి' గారే మిగిలారు. ఆయనకీ అదేం నామోషీ కాదు. మనిషి కొంచెం గొప్పలు చెప్పుకునే రకం. ఫోటోలో ఎవరైనా బాగా పడకపోతే ఆ లోపం ముఖానిదే గానీ తన లెన్సుది కాదని మొహమాటం లేకుండా చెప్పేసేవారు.

అంతటి మనిషీ ఒక్క విషయంలో మాత్రం నలభై ఏళ్ళుగా అబద్ధమాడుతూ వచ్చారు. సుడిగాలి వచ్చిన రోజు తీసిన రీలు తడిసి పాడైపోయిందని ఊరందరికీ చెప్పారు. కట్టుకున్న భార్యకీ అదే చెప్పారు. నిజానికి ఆ ముప్పై ఆరు ఫోటోలూ నెగెటివ్‌లతో సహా డార్క్‌రూంలో పై అరలో, ఒక పాత అట్టపెట్టెలో నిక్షేపంగా ఉన్నాయి.

ఆ సుడిగాలి పొద్దున్న తొమ్మిదిన్నరకి వచ్చింది. ఉన్నది ఏడెనిమిది నిమిషాలే అయినా మూడు వీధుల్ని ఊడ్చి పారేసింది. బస్‌స్టాండు గడియారం పక్క ఊరి పొలంలో దొరికింది. మొత్తం నలుగురు పోయారు. అది వచ్చే సమయానికి ఈయన తన బావమరిది సెలూన్లో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. పదింటికి బళ్ళో గ్రూపు ఫోటో తియ్యాలి, అందుకని కెమెరాలో కొత్త రీలు వేసి ఒళ్ళో పెట్టుకున్నారు. గడ్డం అయిపోయి బావమరిది మీసం అంచులు సర్దుతుండగా షాపు షట్టరు ఊడి ఎగిరిపోయింది, అద్దాలన్నీ భళ్ళున పగిలాయి. ఇద్దరూ బల్ల కింద దూరారు. గాలి తగ్గగానే ఈయన మెడలో తువ్వాలుతో ముఖం తుడుచుకుని కెమెరాతో బయటికి పరిగెత్తారు. బావమరిది వెనక నుంచి ఏదో అరిచాడు గానీ వినిపించుకునే స్థితిలో ఎవరున్నారు?

సాయంత్రం దాకా వీధి వీధీ తిరిగారు. చెయ్యి అందించాల్సిన చోట అందిస్తూ, మధ్యమధ్యలో ఫోటో తీస్తూ పోయారు. అలవాటు కొద్దీ ప్రతిచోటా "కాస్త నవ్వండి" అనేశారు, అన్నాక నాలుక కరుచుకున్నారు. విచిత్రమేమంటే వాళ్ళు నిజంగానే నవ్వారు. కప్పు లేచిపోయిన ఇళ్ళ ముందు నిలబడి పళ్ళన్నీ కనబడేలా నవ్వారు.

ఫోటోలు కడిగి పత్రికాఫీసుకి పట్టుకెళ్తే అక్కడి సంపాదకుడు ఒక్కొక్కటీ చూసి, "ఇల్లు పోయినవాళ్ళని నవ్వించడానికి నీకు మనసెలా వచ్చింది?" అని అడిగాడు. ఆ మాట ఆయన్ని పట్టుకుని మరి వదల్లేదు. అందులో ఒక్క ఫోటో అయితే చూడటానికే భయం. తలకి కట్టుతో నులక మంచం మీద ఒక పెద్దాయన, పక్కన పాతికేళ్ళు కూడా లేని ఆయన కూతురు టైలరమ్మ, ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. మూడో రోజున ఆ పెద్దాయన పోయాడు. ఆనాటి నుంచి ఈయన టైలరమ్మ వీధిలో అడుగు పెట్టలేదు. చొక్కా గుండీ ఊడినా ఊరు చుట్టి వెళ్ళి ఇంకెక్కడో కుట్టించుకొచ్చేవారు. ఆయన తిక్కల్లో ఇదొకటి అనుకుని భార్య ఊరుకుంది.

ఈ ఏడాది కూతురు చిక్కుముడి తెచ్చి పెట్టింది. ఆవిడ ఊరి లైబ్రరీలో పని చేస్తుంది. సుడిగాలి నాటికి పక్క ఊరి ఆసుపత్రిలో తల్లి పక్కన రెండు రోజుల పిల్ల, అయినా దాని గురించి అంతా తనకే తెలిసినట్టు మాట్లాడుతుంది. నలభై ఏళ్ళయిన సందర్భంగా జనం జ్ఞాపకాలు సేకరించడం మొదలుపెట్టింది. జనానికి అంతకంటే ఏం కావాలి, ఒకరిని మించి ఒకరు కోతలు కోశారు. ఒకాయన సైకిలు రెండు వీధులు ఎగిరి, దిగేటప్పుడు స్టాండు వేసుకుని మరీ దిగిందట. కథలు బోలెడు వచ్చాయి గానీ ఫోటో ఒక్కటి లేదు.

ఒక రోజు భోజనాల దగ్గర కూతురు మామూలుగా ఒక మాట అంది. టైలరమ్మ లైబ్రరీకి వచ్చి, వాళ్ళ నాన్న ఫోటో ఎవరి దగ్గరైనా ఉందేమో కనుక్కోమని అడిగిందట. వాళ్ళ ఆల్బములన్నీ ఆ గాలికే పోయాయి. నాన్న ముఖం మెల్లమెల్లగా మరిచిపోతున్నానని కళ్ళనీళ్ళు పెట్టుకుందట.

ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. చూపిస్తే ఆవిడ తన ముఖం మీద ఉమ్మేస్తుందేమోనని భయం. చూపించకపోతే తండ్రి ముఖాన్ని రెండోసారి తుడిచేసినట్టే. రెండు రోజులు కొట్టుమిట్టాడి, మూడో రోజు అట్టపెట్టె దించి కూతురి ముందు పెట్టి జరిగిందంతా చెప్పేశారు. ముందు టైలరమ్మకి చూపించమనీ, ఆవిడ వద్దంటే తగలబెట్టెయ్యమనీ అన్నారు.

"నువ్వే చూపించు నాన్నా," అంది కూతురు.

లైబ్రరీ పొడుగు బల్ల దగ్గర మెడలో టేపుతో టైలరమ్మ కూర్చుంది. పిలవకపోయినా బావమరిది కూడా వచ్చి పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. ఫోటో ఆవిడ చేతికిచ్చి ఈయన తల దించుకున్నారు. ఆవిడ భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తోంది, ఇక తిట్లే తరువాయి అనుకున్నారు. తీరా తలెత్తి చూస్తే ఆవిడ కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"అన్నయ్యా, ఆ రోజు నీకు సగం మీసమే ఉంది. తెలుసా?"

ఆయనకి అర్థం కాలేదు. బావమరిదికి మాత్రం బాగానే అర్థమైంది, అప్పటికే సగం దూరం గుమ్మం వైపు వెళ్ళిపోయాడు. కూతురు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. షట్టరు ఊడినప్పుడు కత్తి జారిందట. ఎడమ పక్క మీసం పూర్తిగా పోయిందట. ఊళ్ళో పగలని అద్దం లేదు కాబట్టి ఈయనకి తెలియలేదు. సాయంత్రం బళ్ళో అందరూ తలదాచుకున్నప్పుడు మీసానికి సున్నం పట్టిందని చెప్పి బావమరిదే రెండో సగం కూడా గీకేశాడు.

"చెప్తే చంపేస్తావని చెప్పలేదు బావా," అన్నాడు.

"మరి మీరెందుకు చెప్పలేదమ్మా?" అని ఈయన టైలరమ్మని అడిగారు.

"ముందు చూసింది మా నాన్నే. నేను చెప్పబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. చెప్పకే, చెప్తే సిగ్గుపడి ఇంటికి పోతాడు, మిగతా వీధుల వాళ్ళు కూడా కాస్త నవ్వుకోనీ అన్నాడు. ఆ మాట నీకంటే ముందే వీధి వీధికీ వెళ్ళిపోయింది."

ఆయన బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని అందరి ముందూ ఏడ్చేశారు. బావమరిది తన జేబురుమాలు ఇచ్చి, చీవాట్లు తప్పించుకున్నందుకు సంతోషించాడు.

ఆ ఫోటో పెద్దది చేసివ్వమంది టైలరమ్మ. రేపటిదాకా ఆగలేనంటూ డార్క్‌రూం దాకా వెంటే వచ్చింది. ఎర్ర బల్బు వెలుగులో ఆయన నెగెటివ్ నీడ పట్టిన కాగితాన్ని ట్రేలోని మందునీళ్ళలో ముంచి మెల్లగా ఊపారు. ముందు తలకి కట్టిన కట్టు అంచులు కనబడ్డాయి. తర్వాత కనుబొమలు, ముక్కు, ఆ తర్వాత బోసినోరంతా తెరిచిన నవ్వు. ఆవిడ ట్రే మీదకి వంగింది.

"నాన్న వచ్చాడు," అంది.