నాకు రాని కల

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారిందనడానికి గడియారం అక్కర్లేదు, మా తాతయ్య దట్టి దులిపిన చప్పుడు చాలు. ఆయన మా అమ్మకు తండ్రి, పోర్టులో కళాసి. ఓడల్లోంచి దించిన గోధుమ బస్తాలూ ఎరువుల బస్తాలూ వీపు మీద మోసేవాడు. మా నాన్న లారీ మీద ఊళ్లు తిరుగుతూ నెలకు రెండుసార్లే కనిపించేవాడు కాబట్టి, మల్కాపురంలోని ఆ రెండు గదుల ఇంట్లో ఉండేది తాతయ్య, అమ్మ, నేను. డెబ్బైల నాటి మాట ఇది. నాకు పదేళ్లు.

దట్టి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ఎనిమిది మూరల ముతక గుడ్డ. బరువులెత్తేవాళ్లు దాన్ని నడుముకు బిగించి చుట్టుకునేవారు, లేకపోతే నాలుగేళ్లలో నడుం చెడిపోతుంది. అది ఒక్కరే బిగించుకుంటే కుదిరే పని కాదు. ఒకరు కొస పట్టుకుని నిలబడాలి. కట్టుకునే మనిషి రెండో కొసను పొట్టకు ఆనించుకుని, వెనక్కి ఒరుగుతూ, చుట్టూ తిరుగుతూ గుడ్డలోకి రావాలి. మా ఇంట్లో కొస పట్టుకునే ఉద్యోగం నాది. గడపకు కాలు తన్నిపెట్టి రెండు చేతులతో పట్టుకునేదాన్ని. "పట్టుకున్నావేటే?" అని అడిగేవాడు. "పట్టుకున్నా తాతా" అంటే చాలు, తిరిగి చూడకుండా తన బరువంతా ఆ గుడ్డ మీద వేసేసేవాడు. మా వీధిలో ఇంకే పిల్లకూ ఇంత పెద్ద ఉద్యోగం లేదని నాకు కాస్త గర్వంగానే ఉండేది.

మాది క్రైస్తవ కుటుంబం. ఆదివారం రేకుల కప్పు మందిరానికి వెళ్లేవాళ్లం. ఒకసారి మా పాస్టరు అయ్యగారు విశ్వాసి తొడుక్కోవలసిన కవచం గురించి ప్రసంగం చేశారు. డాలు, కత్తి, తలకు పెట్టుకునేది, అన్నీ వివరించి, వాటన్నిటికంటే ముందు నడుముకు సత్యమనే దట్టి కట్టుకోవాలన్నారు. పిల్లలమందరం ఇంటికొచ్చి ఈతాకు మట్టలతో కత్తియుద్ధం మొదలుపెట్టాం. తాతయ్య ఆనందం మాత్రం వేరు. "అయ్యగారికి ఎవుడో కళాసే సెప్పుంటాడు. మొదట కట్టుకోవాల్సింది దట్టీయే గదేటి? అది నేకపోతే కత్తి ఎక్కడ తగిలించుకుంతారు, సెవికా?" అని వారం రోజులు కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

మా మందిరంలో పాటలయ్యాక సాక్ష్యాలుండేవి. ఆ వారం దేవుడు తనకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. చిన్న మేలుకు జనం "స్తోత్రం" అనేవారు. పెద్ద మేలుకు "హల్లెలూయా" అనేవారు. ఇంకా పెద్దదైతే డోలక్ మీద ఒక దెబ్బ కూడా పడేది. నావన్నీ స్తోత్రం మేళ్లే. లెక్కల పరీక్ష గట్టెక్కిందనీ, పోయిన చెప్పు దొరికిందనీ చెబితే ఎవరో ఆవలిస్తూ ఒక స్తోత్రం పడేసేవారు. పక్కింటి అక్కకు పచ్చకామెర్లు వచ్చి తగ్గితే మాత్రం హల్లెలూయాతో పాటు డోలక్ కూడా మోగింది. నాకు కడుపు మండిపోయింది. నాకూ కామెర్లు రావాలని ప్రార్థన చేసిన దాన్ని నేను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆ వానాకాలం నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. తాతయ్య పని మానుకుని ఆసుపత్రి వరసలో నిలబడి మాత్రలు తెచ్చాడు. అమ్మ కూడా అదే జ్వరంతో మంచమెక్కడంతో, ఆయనే పూటపూటకూ మాత్ర మింగించి, మింగానో లేదో నాలుక చాపించి మరీ చూసేవాడు. నాలుగో రోజుకు తగ్గింది. జరిగింది అంతే. ఆదివారం అమ్మ ఇంకా లేవలేదు, తాతయ్య ఓడ పనికి వెళ్లాడు. నేనొక్కదాన్నే మందిరానికి వెళ్లి, సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. మాత్రలు మింగకుండా పారేశానన్నాను. తెల్లబట్టలు కట్టుకున్న ఒకాయన కలలో వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేశాడన్నాను. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడిందన్నాను.

మందిరం మందిరమంతా హల్లెలూయా అంది. డోలక్ రెండు దెబ్బలు మోగింది. పాస్టరుగారి భార్య నన్ను దగ్గరకు లాక్కుని ఏడ్చి, బిస్కెట్ల పొట్లం చేతిలో పెట్టింది. నాకేమీ తప్పు చేసినట్టు అనిపించలేదు. దేవుడికి మంచిపేరు తెచ్చే అబద్ధం అబద్ధమెలా అవుతుందనుకున్నాను. సాయంత్రానికి ఆ కల నిజంగానే వచ్చిందేమోనని నాకే సగం నమ్మకం కలిగింది. అమ్మకు ఈ సంగతి తెలిసి, నేను మాత్రలు ఎలా దాచానా అని ఆశ్చర్యపడింది తప్ప ఇంకేమీ అనలేదు. తాతయ్యకు పోర్టులో, మందిరం నుంచి పనికొచ్చిన తోటివాళ్లు చెప్పారట. ఆయన ఇంటికొచ్చి నా వంక ఒకసారి చూసి, అన్నం ముందు కూర్చున్నాడు.

మంగళవారం సాయంత్రం వెనక వీధిలో ఉండే ఒక పిన్ని, నాలుగేళ్ల కొడుకుని చంకనెత్తుకుని వచ్చింది. ఆమె భర్త రిఫైనరీలో రోజుకూలీ. ఆ బాబుకు ఫిట్స్ వచ్చేవి. పెద్దాసుపత్రి వాళ్లిచ్చిన మాత్రలు వాడడం మొదలుపెట్టాక ఆరు నెలలుగా రాలేదు. పిన్ని కొబ్బరినూనె సీసా నా చేతికిచ్చింది. "నువ్వు మాత్రలు పారేసినావని ఇన్నాను తల్లీ. అంత సిన్నపిల్లకున్న నమ్మకం నాకు నేకపోయిందేటని సిగ్గేసినాది. పొద్దున్నే నానూ బాబు మాత్రలు గెడ్డ నీళ్లల్లో పారేసినాను. నువ్వు ఒక్కసారి సెయ్యేసి ప్రార్థన సెయ్యి" అంది.

ఆ క్షణంలో నోరు తెరిచి నిజం చెప్పేస్తే సరిపోయేది. నేను బాబు తల మీద నూనె రాసి ప్రార్థన చేశాను. నా జీవితంలో చేసిన పనుల్లో నాకు ఇప్పటికీ సిగ్గేసేది అదే. నూనె చెవి దాకా కారి గిలిగింతలు పెడితే ఆ పిల్లాడు కిలకిలా నవ్వాడు. పిన్ని నా తల నిమిరి, నిశ్చింతగా వెళ్లిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఫిట్స్ వస్తే ఆ పిల్లాడు ఎలా కొట్టుకుంటాడో నేను ఒకసారి చూశాను.

మర్నాడు పొద్దున్న తాతయ్య దట్టి దులిపాడు. కొస పట్టుకుని గడప దగ్గర నిలబడ్డానే గానీ నా మనసు వెనక వీధిలోనే ఉంది. "పట్టుకున్నావేటే?" అన్నాడు. "పట్టుకున్నా" అన్నాను. ఆయన ఎప్పటిలాగే వెనక్కి ఒరిగాడు. కొస నా వేళ్లలోంచి జారిపోయింది. అంత మనిషీ వెల్లకిలా పోయి రుబ్బురోలుకు మోచెయ్యి కొట్టుకుని కూలబడ్డాడు. నెత్తురు చిమ్మింది.

ఆయన తిట్టలేదు. మోచెయ్యి తుడుచుకుంటూ, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "పట్టుకున్నానన్నావు గదే?"

ఆ ఒక్క ప్రశ్నకు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కుతూ వెక్కుతూ కల సంగతి, మాత్రల సంగతి, పిన్ని, నూనె, గెడ్డ, అన్నీ చెప్పేశాను. కల సంగతి విన్నంతసేపూ ఆయన తల ఊపాడు. గెడ్డ మాట వినగానే లేచి నిలబడ్డాడు. "మాత్రలు నా సేత్తో మింగించినాను గదా, నాకు తెల్దేటి? నువ్వే సెప్తావని ఆదోరం నుంచీ సూస్తన్నాను. నాను అడగాల్సింది, తప్పు నాదీ ఉంది" అన్నాడు. "దేవుడికి మన అబద్దాలు ఎందుకే గుంటా? ఆయన సేసిందే బోల్డుంది. నువ్వు పట్టుకున్నానంటే నాను ఒరిగిపోనా? ఆయమ్మా అలాగే ఒరిగిపోయినాది. పద, ఎల్దాం."

నాకు భయమేస్తోందన్నాను. కాళ్లు రావడం లేదన్నాను. అప్పుడు తాతయ్య కింద పడివున్న దట్టి తీసి, తానే కొస పట్టుకుని, నన్ను అందులోకి తిరగమన్నాడు. "ఇయ్యాల బరువెత్తాల్సింది నువ్వు" అన్నాడు. ఎనిమిది మూరల గుడ్డ నా చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కలేదు. చంకల దాకా వచ్చింది. ఊపిరి ఆడుతుందో లేదో అనుకున్నాను గానీ, నిటారుగా నిలబడక తప్పని బిగువు అది. ఆ అవతారంలో వీధిలో నడుస్తుంటే పిల్లలు పళ్లికిలించారు. ఆ పూట తాతయ్యకు కూలి పోయింది. ఆయన దాని ఊసే ఎత్తలేదు.

పిన్ని బాబుకు ముద్దలు పెడుతోంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. నాకు కల రాలేదు పిన్నీ, మాత్రలన్నీ మింగాను, అందుకే తగ్గింది అని. ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఆడుకోడానికి నీకు నా బిడ్డే దొరికేడేటే?" అంది. గట్టిగా అరిచినా బాగుండేది. మెల్లగా అంది.

మందులు గెడ్డలో పోయాయి కాబట్టి అందరం బస్సెక్కి పెద్దాసుపత్రికి పరుగెత్తాం. అక్కడి వరసలో నిలబడి ఉండగానే బాబు ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. తాతయ్య వాణ్ణి రెండు చేతుల మీదికి ఎత్తుకుని జనాన్ని చీల్చుకుంటూ లోపలికి వెళ్లాడు. సూది మందు వేశారు. కాసేపటికి కుదుటపడి నిద్రపోయాడు. ఇంటి దగ్గర ఉండగా వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించను.

డాక్టరమ్మ పిన్ని మీద మండిపడింది. మందులు ఎవరు ఆపమన్నారు, తల్లివేనా నువ్వు అంది. పిన్ని తల వంచుకుని నిలబడింది. నా పేరు చెప్పలేదు. తాతయ్య గోడ వైపు చూస్తున్నాడు. నన్ను ఎవరూ అడగలేదు, నా వైపు ఎవరూ చూడడం కూడా లేదు. "ఆవిడ తప్పు లేదండీ, నేను అబద్ధం చెప్పాను" అన్నాను. డాక్టరమ్మ చంకల దాకా గుడ్డ చుట్టుకున్న నన్ను ఎగాదిగా చూసింది. ఏ శిక్ష వేస్తుందోనని ఎదురుచూశాను. మందుల చీటీ రాసి నా చేతికే ఇచ్చి, అక్కడ వరసలో నిలబడి తీసుకురమ్మంది. పరుగెత్తాను.

ఆదివారం సాక్ష్యాల వేళ మళ్లీ లేచాను. ఈసారి చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. కల రాలేదు, తాతయ్య తెచ్చిన మాత్రలతో తగ్గింది, నా అబద్ధం వల్ల ఒక బాబుకు ప్రాణం మీదికొచ్చింది, క్షమించండి. ఎవరూ స్తోత్రం అనలేదు. డోలక్ వాయించే ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ రోజు కథ మనందరికీ నచ్చింది. అందుకే ఎవరమూ ఒక్క ప్రశ్న వేయలేదు. నేనూ వేయలేదు" అన్నారు. అంతలో వెనక వరసలోంచి "స్తోత్రం!" అని ఒక కేక లేచింది. ఓడ మీది మనిషికి ఒడ్డు మీంచి వినబడేలా అరిచే గొంతు అది. రేకులు అదిరాయి. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంటనే అందరూ నవ్వేశారు. తాతయ్య మాత్రం నవ్వలేదు. పిన్నీ నవ్వలేదు.

పిన్ని ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. మాట్లాడనందుకు నాకు కోపం రాలేదు. తర్వాత ఒక పండక్కి మా ఇంటికి అరిసెలు పంపింది. ఇంకొన్నేళ్లకు, బాబు మీసాలొచ్చిన కుర్రాడయ్యాక, ఒక మధ్యాహ్నం తానే నవ్వుకుంటూ వచ్చింది. "మందులు ఆపీసినాం. డాక్టరుగారే ఆపమన్నారు, నువ్వు కాదు" అంది. ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

నాకిప్పుడు అరవై దాటాయి. పోయినేడు గుండెకు ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక మందిరంలో సాక్ష్యం చెప్పమన్నారు. ఇప్పుడు మైకులున్నాయి, ఫోన్లలో వీడియో తీస్తారు. కుర్ర పాస్టరుగారు మంచివాడు, ఆపరేషన్ గదిలో ప్రభువు సన్నిధి కనబడిందా ఆంటీ, ఆ సంగతి వివరంగా చెప్పండి అన్నాడు. నేను జరిగింది చెప్పాను. డాక్టర్లు బాగా చేశారు. నా కోడలు నెల రోజులు నాకు అన్నం తినిపించింది. ఆపరేషన్ ముందు రోజు భయంతో ప్రార్థన కూడా నోటికి రాలేదు. ఆయన ఉన్నాడా లేడా అని ఒక గంటసేపు అనుమానపడ్డాను. ఏమీ కనబడలేదు, ఏమీ వినబడలేదు. అయినా ఆయన నన్ను విడిచిపెట్టలేదనే నమ్ముతున్నాను అన్నాను.

స్తోత్రాలు పల్చగానే పడ్డాయి. కూటం అయ్యాక ఒక అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. వచ్చేవారం ఆమెకు ఆపరేషన్ అట. భయపడ్డానని, అనుమానపడ్డానని అందరి ముందు ఎలా చెప్పారాంటీ, నాకు అలాగే ఉంది, కానీ విశ్వాసం లేదంటారని ఇంట్లో కూడా చెప్పలేదు అంది. ఆ తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. మత్తు ఇచ్చేటప్పుడు ఎలా ఉంటుంది, మెలకువ వచ్చాక నొప్పి ఎంత ఉంటుంది, నిజంగా ఏమీ కనబడలేదా అని. అడిగిన ప్రతిదానికీ చెప్పాను. నేను మైకులో చెప్పిందానికీ ఆమెకు చెప్పిందానికీ తేడా లేదు కాబట్టి, ఎక్కడా తడుముకోవలసిన పని పడలేదు. ఆమె ఎంతసేపు అడిగినా, ఎంత లోతుగా అడిగినా, నాకు భయం వేయలేదు.