మా అత్తయ్య కొట్టిన వన్స్ మోర్

నా చిన్నప్పుడు మా మేనత్త పౌరాణిక నాటకాల్లో రాణి వేషం వేసేది. పామర్రు చుట్టుపక్కల ఏ ఊళ్ళో నాటకమన్నా ముందు "రాణి ఎవరండీ?" అని అడిగేవాళ్ళు. మామయ్య చిన్న వయసులోనే పోవడంతో ఆవిడ మా ఇంట్లోనే ఉండేది. పద్యం తప్ప ఆవిడకి ఇంకో లోకం లేదు.

మా వైపు నాటకాల్లో ఒకే వేషాన్ని ఇద్దరు పంచుకునేవారు. మంచి పద్యాలున్న రంగాలు మొదటి రాణివి, మిగిలినవి రెండో రాణివి. పద్యం చివర రాగం తీసినప్పుడు జనం "వన్స్ మోర్" కొట్టారంటే, కథ ఎంత రసపట్టులో ఉన్నా సరే, మళ్ళీ మొదటినుంచి పాడాల్సిందే. ఒకసారి చచ్చి పడి ఉన్న రాజుగారు కూడా లేచి, ఇంకోసారి చచ్చిపోయారు. అదేం తప్పని ఎవరికీ అనిపించలేదు.

ఆ రోజుల్లో పద్యాలు నేర్చుకోవడానికి ఒక పిల్ల మా ఇంటికొచ్చేది. బెజవాడ వన్ టౌన్‌లో బట్టల కొట్టు గుమాస్తాగారి అమ్మాయి. అత్తయ్య దానికి పద్యమే కాదు, ఊపిరి ఎక్కడ పట్టాలో, కన్నీళ్ళు ఎప్పుడు పెట్టుకోవాలో అన్నీ నేర్పింది. "మీ చోటుకే ఎసరు పెడుతుంది, చూస్తూ ఉండండి వదినా" అని మా అమ్మ మొత్తుకునేది. అత్తయ్య నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం ఆ పిల్లని చూస్తే ఒళ్ళు మండేది.

ఆ ఏడాదే బెజవాడలో ఒక పాత సినిమా మళ్ళీ వేశారు. పేరున్న ఒక నటి, ఆమె పంచన చేరి ఆమె చోటునే కోరుకునే ఇంకో నటి, వాళ్ళ కథ. అత్తయ్య నన్నూ ఆ పిల్లనీ మ్యాట్నీకి తీసుకెళ్ళింది. హాల్లో అందరూ చిన్నదాన్ని తిట్టేవాళ్ళే. నా పక్కనున్నావిడ "దీని దుంప తెగ!" అని మెటికలు విరిచింది. మాతో వచ్చిన పిల్ల తలొంచుకుని కూర్చుంది. అత్తయ్య మాత్రం రెప్ప వెయ్యకుండా చూసింది. బయటికొచ్చాక, "తిడదామంటే నోరు రావట్లేదే. ఎంత బాగా చేసింది పాపిష్టిది!" అంది. ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను.

తిరునాళ్ళ నాటకం దగ్గరపడింది. ఆ ఏడాదంతా అత్తయ్య గొంతు జీరబోయి ఉంది. నాటకం ఆడించే హార్మోనియం మాస్టారికి ఆవిణ్ణి కాదనలేని మొహమాటం, జనం ఏమంటారోనన్న భయం. చివరికి, ఊరి పెద్దల ముందు ఇద్దరూ ఒకే పద్యం పాడాలని, వన్స్ మోర్ పడినవాళ్ళే మొదటి రాణి అని తేల్చారు. రెండో రాణిగా మాత్రం ముఖానికి రంగు వేసుకోనని అత్తయ్య ఇంట్లో గట్టిగా చెప్పేసింది. ఆవిడ మాటంటే మాటే.

ఆదివారం పొద్దున రైస్ మిల్లు షెడ్డులో అందరూ కూర్చున్నారు. ముందు అత్తయ్య పాడింది. రాగం పైకి వెళ్ళేసరికి గొంతు చీలిపోయింది. దగ్గి, ఎలాగో దింపుకుంది. "బాగుందండీ" అన్నారు పెద్దలు. అంతే. నేను ఉండబట్టలేక "వన్స్ మోర్" అని అరిచాను. అందరూ నవ్వారు. ఇంటిపిల్ల అరుపు లెక్కలోకి రాదట.

తర్వాత ఆ పిల్ల లేచింది. ఏం చెప్పమంటారు! రాగం అలా అలా పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, ఎవరూ లాగకుండా తనంతట తనే దిగింది. దిగాక షెడ్డంతా నిశ్శబ్దం. అత్తయ్య ఎదురుగా ఉండగా నోరు విప్పడానికి ఒక్కరికీ మనసొప్పలేదు. మాస్టారు హార్మోనియం మెట్ల వంకే చూస్తున్నారు. దేవుడా, ఎవరూ అనకూడదు, ఎవరూ అనకూడదు అని నేను కళ్ళు మూసుకున్నాను.

"వన్స్ మోర్!"

కళ్ళు తెరిచాను. అన్నది మా అత్తయ్య. కుర్చీలోంచి సగం లేచి, చెయ్యి పైకెత్తి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. ఏమన్నానో అప్పుడు తెలిసినట్టుంది, గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటికే షెడ్డంతా వన్స్ మోర్లతో మారుమోగిపోయింది. ఆ పిల్ల ఏడుస్తూ వచ్చి కాళ్ళ మీద పడబోయింది. "ఏడ్చి గొంతు పాడుచేసుకోకు. పాడు" అని అత్తయ్య కసిరింది. అది పాడింది.

రిక్షాలో ఇంటికొస్తూ అత్తయ్య సిగ్గూ ఎగ్గూ లేకుండా భోరుమని ఏడ్చింది. ఎందుకన్నావత్తా అని నేనూ ఏడ్చాను. "నేనెక్కడన్నానే? నోరు అనేసింది. ఆపుకుందామంటే నా వల్ల కాలేదు. ఇప్పుడేం చెయ్యనే నేను?" అంది. నాకప్పటికి పదేళ్ళు కూడా లేవు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఆవిడ ముఖానికి రంగు వేసుకోలేదు.

ఇప్పుడు గన్నవరంలో మా మనవరాలి ఫోన్‌లో ఆ సినిమా ఎన్నిసార్లు చూస్తానో లెక్కలేదు. "అసలు నువ్వు ఎవరి పార్టీ అమ్మమ్మా?" అంటుంది. నాకే తెలియదు తల్లీ. మిగతా సినిమాలు ఎవర్ని తిట్టాలో చెప్పి పంపిస్తాయి. ఇది తిట్టబోయిన నోటితోనే శభాష్ అనిపిస్తుంది. దానికి మందు లేదు.

నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. నా చివరి ఏళ్ళలో ఒక కుర్ర టీచరు వచ్చింది. నా పిల్లలందరూ దాని క్లాసుకి మారిపోతుంటే, అదేం చెబుతోందో చూద్దామని కోపంగా వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. పాఠం అయ్యేసరికి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక ఏడుపొచ్చింది. ముందు చప్పట్లు, తర్వాత ఏడుపు. ఆ వరస మార్చుకోవాలని చాలా చూశాను, నా వల్ల కాలేదు.