మైనం మీద నింద

మావయ్య పోయాడని బొబ్బిలి నుంచి అత్త ఫోన్ చేసేసరికి నేను స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. న్యుమోనియా అంది. ముందు రోజు కూడా జావలో ఉప్పు తక్కువైందని పోట్లాడాడట. ఆ మాటకి ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. ఎక్కువసేపు ఏడవలేదు. మావయ్యకి ఏడుపులంటే గిట్టదు.

ఆయన వీణలు చేసేవాడు. పనస దుంగ తొలవడం దగ్గర్నుంచి మైనం మీద మెట్లు నిలబెట్టడం దాకా అంతా తనే. ఆ ఆఖరి పని చెవితో చేసేది. మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. వేరేవాళ్లు చేసిన వీణలు కూడా మెట్ల కోసం ఆయన దగ్గరికే వచ్చేవి. "కర్ర ఎవుడైనా సెక్కుతాడు. సెవి ఎక్కడ కొంటాడు?" అనేవాడు. గర్వం ఉండేది, దాన్ని దాచుకునేవాడు కాదు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు మెట్టు పట్టుకున్నప్పుడల్లా ఒక బెల్లం జీడి పెట్టేవాడు. నాకు వీణ వాయించడం రాలేదు గాని తప్పు వినడం వచ్చింది. అది ఆయన పెట్టిన భిక్షే.

కొన్నేళ్ల కిందట ఆయన ఎముకల్లో మూలుగ రక్తం తయారుచేయడం తగ్గించేసింది. నెలనెలా విజయనగరం వచ్చి రక్తం ఎక్కించుకుని, ఆ పూటకి మా ఇంట్లో ఉండేవాడు. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుమూ వస్తుంది. దాన్ని బయటికి పంపే దారి ఒంటికి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. అందుకని ఇనుమును తీసేసే మాత్ర రాశారు. పరగడుపున నీళ్లలో కలుపుకుని తాగాలి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ రోజు వేసుకోకుండా ఆస్పత్రికి ఫోన్ చేయాలి. మూత్రపిండాలకీ కాలేయానికీ తరచూ రక్తపరీక్ష. ఆ మాత్రతో అరుదుగా చూపో వినికిడో తగ్గొచ్చు కాబట్టి కళ్లకీ చెవులకీ ఏడాదికోసారి పరీక్ష. రోగి దగ్గరికి వట్టి చేతులతో రాకూడదు కాబట్టి, చూడవచ్చిన చుట్టాలు ఐరన్ టానిక్కు సీసాలు పట్టుకొచ్చేవారు. ఆయన ఎవరినీ కాదనకుండా పుచ్చుకుని, వాళ్లు వెళ్లాక అరటిచెట్టు మొదట్లో పోసేవాడు. "నాకెక్కువైనాది. అదైనా బలుస్తాది," అనేవాడు.

మాత్ర విషయంలో బుద్ధిమంతుడే. పేచీ అంతా చెవి పరీక్ష దగ్గర. మాత్ర మొదలుపెట్టే ముందు ఒకసారి చేయించుకున్నాడు. ఏడాది తిరిగాక రమ్మంటే, వీణలు చేసేవాడి చెవికి ఇంకొకడి పరీక్ష ఏమిటని వెళ్లలేదు.

ఆ చలికాలం బొబ్బిలి వెళ్లినప్పుడు, అప్పుడే పూర్తయిన వీణ కనబడితే ఊరికే మీటి చూశాను. కింది స్థాయి బాగుంది. పైకి వెళ్లేకొద్దీ స్వరం పక్కకి పోయింది. ఆ మాటే అన్నాను.

"ఎండకి మైనం దిగిపోనాది," అన్నాడు.

బయట మంచు ఇంకా విడలేదు. అత్త దుప్పటి కప్పుకుని కూర్చుంది. నేను ఆవిడ వైపు చూస్తే తల దించుకుంది. చెవిలో కీచురాయి కూస్తోందని ఆయన అంటున్నాడనీ, ఇచ్చిన వీణలు తిరిగొస్తున్నాయనీ తరవాత వంటింట్లో చెప్పింది. డాక్టరుకి చెబితే మందు ఆపేస్తాడు, మందు ఆపితే గుండె పోతుంది. చెప్పకపోతే చెవి పోతుంది. ఊరికి తెలిస్తే పని పోతుంది. ఇదీ ఆయన లెక్క. అన్నీ ఆలోచించి నోరు మూసుకున్నాడు.

తరవాతి నెల ఆస్పత్రిలో, ఆయన ఎదుటే, డాక్టరుకి నేను చెప్పేశాను. అప్పటికప్పుడే చెవి పరీక్షకి పంపారు. శబ్దం వినిపించినప్పుడల్లా వేలెత్తాలి. లావు శబ్దాలకి ఎత్తాడు. కీచుమనే సన్నవి మొదలయ్యాక ఆ వేలు ఒళ్లోనే ఉండిపోయింది. అద్దం ఇవతల నిలబడి నేను ఆ వేలి వైపే చూస్తున్నాను.

డాక్టరు కోప్పడలేదు. మందు వల్లే కావచ్చు, కొన్నాళ్లు ఆపి, మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెడదామన్నాడు. "మందు ఆపడమంటే మిమ్మల్ని వదిలేయడం కాదండీ. ఈ ముక్క నేనే మీకు ముందుగా చెప్పాల్సింది," అన్నాడు.

ఆ పూట మా ఇంట్లో అన్నం తిన్నాడు గాని నాతో మాట్లాడలేదు. మర్నాడు బస్సెక్కబోతూ మాత్రం, "నువ్వు సెప్పకపోతే నాను సెప్పీవోణ్ని కాదే," అన్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

పోయిన వినికిడి తిరిగి రాలేదు, ఉన్నది మిగిలింది. తగ్గించిన మోతాదులో మాత్ర వాడుతూ, ఒక్క పరీక్షా మానకుండా, ఇంకొన్నేళ్లు బతికాడు. గుండెకి ఇనుము పట్టలేదని డాక్టరు చెప్పేవాడు.

అప్పటి నుంచి వీణ తయారైతే నాకు కబురొచ్చేది. ఆదివారం చూసుకుని వెళ్లేదాన్ని. కింది మెట్లు తనే నిలబెట్టి ఉంచేవాడు. పై మెట్లకి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. బాగుందో లేదో చెప్పబోతే ఆపేసేవాడు. "మాటాడకు. నోటితో అబద్దం ఆడతావు, మొకంతో ఆడలేవు," అనేవాడు.

ఒక చేత్తో తీగ మీటుతూ, రెండో చేతి వేలి కొసతో మెట్టును కొద్దికొద్దిగా జరిపేవాడు. చూపు వీణ మీద ఉండేది కాదు, నా మొహం మీదే ఉండేది. నా నుదుటి మీద ముడి విడేదాకా చూసేవాడు. విడగానే వేలు ఆపి, మెట్టును మైనంలోకి నొక్కేవాడు.