పెద్దత్త కొలత దారాలు

పెద్దత్త పోయిందన్న కబురు నాకు బడిలో తెలిసింది. టెక్కలిలో నేను పాఠాలు చెప్పే బడి. మూడో పీరియడులో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే బ్యాగులో సెల్ ఫోను ఆగకుండా మోగింది. అక్కుపల్లి నుంచి చిన్నత్త కూతురు. "వదినా, పెద్దమ్మ తెల్లారి పోనాది. నువ్వొత్తావా?" అంది. వస్తావా అని అడిగిందంటే, నేను రాకపోవచ్చని కూడా ఆ పిల్ల అనుకుందన్నమాట. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు వేసింది.

పెద్దత్త మా నాన్నకు అక్క. మొగుడు పెళ్లయిన మూడేళ్లకే పోతే పలాసలో పుట్టింటి వీధిలోనే చిన్న పెంకుటిల్లు కట్టుకుని ఉండిపోయింది. పిల్లల్లేరు. జీడిపప్పు ఫ్యాక్టరీలో జీడి గింజల్ని, మా వైపు పిక్కలంటాం, కొట్టేది. పెంకులోంచి కారే జీడి, ఒళ్లు కాల్చే ఆ నూనె, అంటి అంటి వేళ్ల చివర్లు నల్లగా, పొలుసులు పొలుసులుగా ఉండేవి. ఆదివారం చర్చిలో కానుక సంచి తన దగ్గరికి వచ్చేసరికి చెంగులోంచి చెయ్యి తీసి, వేసి, మళ్లీ చెంగులో దాచుకునేది. మాకు పుస్తకాలు చదివి చెప్పేంత చదువు ఆవిడకు లేదు. కథలు చెప్పే ఓపికా లేదు. ఉన్నదల్లా ఒక పాత కుట్టు మిషను, ఒక పట్టుదల.

ఆ పట్టుదల క్రిస్మస్ బట్టల గురించి. నవంబరు రాగానే బజారుకు వెళ్లి ఒకే ఒక్క తాను కొనేది. ఆ తానులోంచే ఇంట్లో పిల్లలందరికీ కుట్టేది, ఆడపిల్లలకు గౌన్లు, మగపిల్లలకు చొక్కాలు. ఎవరికీ వేరే రంగు లేదు, వేరే పువ్వు లేదు. కుట్టే ఆ నెల రోజులూ పిక్కలు కొట్టే బల్ల వదిలేసి పప్పుకు పొట్టు తీసే గదికి మారిపోయేది. అక్కడ కూలి తక్కువ. అయినా చేతికి జీడి అంటదు, బట్ట మీద మరక పడదు. రాత్రి కొబ్బరినూనె రాసి, పొద్దున్న ముగ్గుపిండితో వేళ్లు తోమి, అప్పుడు గాని తానును ముట్టుకునేది కాదు. నేనూ ఆ తాను బట్టలు తొడుక్కునే పెరిగాను. ఆకుపచ్చ మీద పసుపు చుక్కల గౌను ఒకటి నాకు ఇప్పటికీ కలలో వస్తుంది.

కొలతకు టేపు వాడేది కాదు. అక్కుపల్లిలో చిన్నత్త మొగుడు సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. వలలు అల్లే దారం ఒక ఉండ తెచ్చి ఇచ్చేవాడు. ఇంట్లో బిడ్డ పుట్టగానే పెద్దత్త తన ఎత్తుకు సరిపడా ఒక దారం కోసి, పైకొసకు ఆ ఏటి బట్ట పీలిక కట్టి, మిషను పైన గోడకున్న మేకుకు తగిలించేది. ఏటా నవంబరులో బిడ్డను ఎదురుగా నిలబెట్టి, మెడ వెనక నుంచి మోకాలు దాకా ఆ దారం జారవిడిచి, ఆగిన చోట ఒక ముడి వేసేది. పై ఏడు ఆ ముడికి కింద మరొకటి.

"టేపు అందరికీ ఒకటే. దారం ఎవులది ఆలకే," అనేది.

కొలిచేటప్పుడు మడమలు కలిపి నిటారుగా నిలబడాలి. "అయిపోనాది, పో" అని వీపు మీద ఒకటి తట్టేదాకా కదలకూడదు. ఒకసారి చిన్నాన్న, కొడుకును తీసుకురాకుండా, "ఇంత ఉంటాడక్కా" అని చేత్తో చూపించబోయాడు. పెద్దత్త తల ఎత్తనైనా ఎత్తలేదు. "సేత్తో సూపితే ముడి పడదు. గుంటడు నా ముందర నిలబడాల," అంది. ఆయన సాయంత్రం వాణ్ణి తీసుకొచ్చాడు. పిల్ల పెద్దత్త ఎత్తుకు వచ్చిన నాడు దారం మేకు మీంచి తీసి చేతికి ఇచ్చేసేది. "నిండిపోనాది. ఇంక నీ బట్ట నువ్వే కొనుక్కో," అనేది. నాకూ అలాగే ఇచ్చింది. దాన్ని ఎక్కడ పారేశానో నాకు తెలియదు.

ఈ పద్ధతి అందరికీ నచ్చిందని చెబితే అబద్ధం. చిన్నత్త మొగుడు మొదట్లో ఒప్పుకోలేదు. వాళ్లు గంగమ్మకు మొక్కే వాళ్లు, మేం చర్చికి వెళ్లే వాళ్లం. "మా పిల్లలికి సర్చి బట్టలెందుకు?" అన్నాడట. "సర్చి ఇచ్చే బట్ట కాదు బాబూ, అక్క ఇచ్చే బట్ట," అంది పెద్దత్త. ఆ మాటతో ఆయన మెత్తబడ్డాడు. అప్పట్నుంచీ క్రిస్మస్ నాడు చేపల బుట్టతో ముందు దిగేది ఆయనే. చిన్నాన్నకు రైల్వేలో ఉద్యోగం వచ్చాక ఆయనతోనూ పేచీ వచ్చింది. కొడుక్కి బ్యాటరీతో నడిచే బస్సు కొన్నాడు. "కొనుక్కో. నీ ఇంట్లో ఇచ్చుకో. నా గుమ్మంలో మాత్రం ఒకలి సేతిలో ఉన్నది అందరి సేతిలోనూ ఉండాల," అంది పెద్దత్త. చిన్నాన్న గొణుక్కుంటూనే ఆ బస్సును సంచిలో పెట్టేశాడు.

ఆ గుమ్మంలో మాట తప్పింది నేను.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి నాలుగేళ్లయింది. నా కూతురికి ఎనిమిదేళ్లు. టెక్కలి బడిలో స్నేహితురాళ్లు క్రిస్మస్‌కు ఏం కొన్నారని అడిగితే ఏం చెప్పాలని ఏడ్చింది. పెద్దత్త బట్టలు వేసుకుంటే బ్యాండు మేళం వాళ్లలా ఉంటామని అంది. ఆ మాట నాకు తప్పుగా తోచలేదు. నిజానికి ముచ్చటగా తోచింది. నా బిడ్డకు నచ్చింది నా జీతంతో కొంటే ఎవరికి నష్టమనుకున్నాను. గులాబీ రంగు సైకిలు కొన్నాను, ముందు బుట్టతో, హ్యాండిల్‌కి వేలాడే కుచ్చులతో. దాన్ని టెక్కలిలోనే ఇంట్లో ఇచ్చుకోవచ్చు. కాని నలుగురూ చూడాలని నాకు ఉంది. దాచి ప్రయోజనం లేదు, ఉంది. బస్సు మీద వేయించి, పలాస పక్కన కాశీబుగ్గలో ఆటోకు కట్టించి, క్రిస్మస్ మధ్యాహ్నం పెద్దత్త వాకిట్లో దింపించాను.

ఆరాధన అయి అందరూ అప్పుడే వచ్చారు. పిల్లలు పదకొండు మంది, ఆ ఏడు ఊదా రంగు మీద తెల్ల గీతలు. సైకిలు చూసి కేక వేశారు. నా కూతురు ఎక్కి కూర్చుంది. మిగతా వాళ్లు దాన్ని ఒక్క నిమిషం తడిమి చూశారు. తర్వాత ఏం జరిగిందో నాకు మొదట అర్థం కాలేదు. అందరూ ఒక్కసారిగా వీధిలోకి పరుగెత్తారు. చిన్నత్త కూతురు, నా కూతురి ఈడుదే, ఆటో వెనక్కి వెళ్లి తొంగి చూసింది. డ్రైవరును ఏదో అడిగింది. ఆ తర్వాత పదిమందీ మెయిన్ రోడ్డు వైపు పోయారు.

వాళ్లు మిగతా పది సైకిళ్ల కోసం వెతుకుతున్నారు.

ఆ ఇంట్లో పెరిగిన పిల్లలు వాళ్లు. ఒకరికి వచ్చిందంటే అందరికీ వచ్చే ఉంటుంది. ఇంకో ఆటోలో వస్తున్నాయనుకున్నారు. నూనెలో పండగ పోకుండలు వేయిస్తున్న చేత్తోనే పెద్దత్త బయటికి వచ్చింది. వీధి చివర చూసింది, సైకిలు చూసింది, నన్ను చూసింది.

"ఆలు ఎతుకుతన్నారే," అంది మెల్లిగా. "ఎల్లి నువ్వే సెప్పు."

తప్పు చేసినవాళ్లకే నోరు ముందు లేస్తుంది. "నా కూతురికి నేను కొనుక్కోవడానికి కూడా మీ తానులోంచే చింపాలా? పిల్లలందర్నీ మేళం వాళ్లలా తయారుచేసి ఊరేగించడం మీకు సరదా అయితే, దానికి నా పిల్లే కావాలా?" అన్నాను. మా నాన్న తల దించుకున్నాడు. చిన్నాన్న ఏదో సర్దబోయాడు. పెద్దత్త చేతికి అంటిన పిండి చీరకు తుడుచుకుని, పిల్లల వెనక రోడ్డు మీదికి తనే వెళ్లింది. మేం భోజనానికి ఆగలేదు. అదే ఆటోకు సైకిలు మళ్లీ కట్టించి బయల్దేరిపోయాం. రోడ్డు మీద పిల్లల మధ్య ఆవిడ గొంతుక్కూర్చుని కనిపించింది. నేను అటు తల తిప్పలేదు.

తర్వాత క్రిస్మస్‌లకు నేను పలాస వెళ్లలేదు. మొదట కోపంతో, తర్వాత మొహం చెల్లక. సైకిలు రెండేళ్లలో తుప్పు పట్టి పాత సామాన్ల వాడికి పోయింది.

మా ఉద్దానం ప్రాంతంలో ఎన్ని ఇళ్లను పట్టుకుందో ఆ కిడ్నీ జబ్బే ఆవిడనూ పట్టుకుంది. రక్తం శుద్ధి చేయించుకోవడానికి రైల్లో విశాఖపట్నం వెళ్లి వచ్చేది. అప్పుడు వెళ్లాను, పళ్లూ రొట్టెలూ పట్టుకుని, చుట్టం చూపుగా. మొహం ఉబ్బిపోయింది. నీళ్లు కొలిచి తాగాలి. పాత మాట ఎత్తుతుందేమోనని భయపడ్డాను. ఎత్తలేదు. "గుంట ఎంత ఎత్తయినాదే?" అని నా కూతురి గురించి అడిగింది. నా భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. ఆవిడ నా చేతి వంక కాసేపు చూసింది. "తీసుకురాయే ఒకపాలి," అంది. తెస్తానన్నాను. వెళ్లిన ప్రతిసారీ అదే ప్రశ్న. నేను చెయ్యి కొంచెం కొంచెం పైకి జరిపి చూపించేదాన్ని. పరీక్షలన్నాను, ట్యూషన్లన్నాను. చివరిసారి దసరా సెలవుల్లో తప్పకుండా తెస్తానన్నాను. ఆ సెలవులు అయిపోయాయి. క్షమించమని అడగాలని వెళ్లిన ప్రతిసారీ అనుకున్నాను, అడగలేదు. అడిగి ఉంటే ఏమనేదో నాకు ఎన్నటికీ తెలియదు.

నా కూతురు పెద్దత్త ముందు నిలబడింది మళ్లీ ఆవిడ పోయిన రోజే. ఇంటరు చదువుతున్న పిల్ల, యూనిఫారంతోనే వచ్చేసింది. పెద్దత్త చేతులు గుండెల మీద పెట్టి ఉన్నాయి. పని మానేసి మూడేళ్లయినా వేళ్ల నలుపు పోలేదు. ఇప్పుడు దాచుకోవడానికి చెంగు పట్టుకునే ఓపిక కూడా ఆవిడకు లేదు కదా అనుకుని, నేనే చెంగు తీసి కప్పాను.

మట్టి చేసి వచ్చాక చిన్నత్త కూతురు నాకు టీ ఇచ్చి పక్కన కూర్చుంది. ఏదో మాటలో, "వదినా, ఆ సైకిలు ఏటయినాది చివరికి?" అంది నవ్వుతూ. నేను టీ గ్లాసు కింద పెట్టేలోపే తనే చెప్పుకుపోయింది.

"ఆ రోజు పెద్దమ్మ రోడ్డు మీదకొచ్చి, 'ఆటోలో ఒకటే పట్టినాదర్రా. అందరి కోసమే తెచ్చింది, వంతులేసుకుని తొక్కండి' అంది. మేం మట్టిలో పేర్లు రాసుకుని వంతులు కూడా ఏసుకున్నాం. నాది నాలుగో వంతు. అంతలోకే మీ ఆటో మా పక్కనుంచి ఎలిపోనాది. పెద్దమ్మ, 'పంచరయినాది, బాగు సేయించడానికి పట్టుకెల్తన్నారు. పై క్రిస్మస్‌కి తెత్తారు' అంది. మేం పై ఏడు ఎదురు సూసినాం వదినా. నువ్వు రానేదు."

అబద్ధమాడితే నాలిక మీద జీడి పడతాదని మమ్మల్ని బెదిరించి పెంచిన మనిషి. నా కోసం ఒకటి కాదు, రెండు ఆడింది. ఏడేళ్లుగా ఆ పిల్లల దగ్గర నన్ను మంచిదాన్ని చేసి ఉంచింది. నేను గోడ వైపు తిరిగి, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఏం అన్నానోనని ఆ పిల్ల కంగారుపడింది.

కళ్లు తుడుచుకుని తల ఎత్తితే ఎదురుగా మిషను, దాని పైన మేకు. పెద్ద పిల్లల దారాలు నిండిపోయి ఎవరివి వాళ్లకు వెళ్లిపోయినట్టున్నాయి, నాలుగైదు మిగిలాయి. ఊరికే చూస్తున్నాను. వాటిలో ఒకదాని పైకొసకు గులాబీ పువ్వుల పీలిక ఉంది. నా కూతురు పుట్టిన ఏటి బట్ట. దారం తీసి చూశాను. ఎనిమిది ముడులు. చివరి ముడి కింద మిగిలిన దారమంతా చిక్కు పడకుండా చిన్న ఉండగా చుట్టి ఉంది. నేను చేత్తో చూపించిన ఎత్తులకు ఆవిడ ఒక్క ముడి కూడా వెయ్యలేదు.

నా కూతుర్ని పిలిచాను. నా చేతిలో దారం చూసి, అటు తిరిగి నిలబడింది. జడ ముందుకు వేసుకుంది. మెడ దగ్గర పీలిక ఆనించి దారం వదిలాను. ఎనిమిదో ముడి మోకాలికి జానెడు పైనే ఆగిపోయింది. దాని కింద ఉండ విప్పుకుని, ముడి లేని దారం మడమల దాకా జారింది. ఎక్కడ పట్టుకోవాలో, ఎలా ముడి వెయ్యాలో నాకు తెలియలేదు. వంగి ఆ కొస పట్టుకుని అలాగే ఉండిపోయాను.

నా కూతురు చిన్నప్పటిలాగే మడమలు కలిపి, నిటారుగా, కదలకుండా నిలబడి ఉంది. వీపు మీద తట్టడం కోసం ఎదురుచూస్తోంది.

"అయిపోయిందా అమ్మా?" అని అడిగింది.